చలికాలం రాత్రికి ఏం వండాలి: రొట్టె, సంగటి, పొంగలి, ఉలవచారు

చలికాలంలో రాత్రి వంట అనగానే ముందు రుచి గురించో, ఆరోగ్యం గురించో ఆలోచిస్తాం. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: పొయ్యి మీంచి దించిన అరగంటకు ఆ వంట ఏమవుతుంది? ఎండాకాలంలో ఈ తేడా పెద్దగా తెలియదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మాత్రం జొన్న రొట్టె బిగుసుకుపోతుంది, పొంగలి గడ్డకడుతుంది, పళ్లెంలో నెయ్యి పేరుకుంటుంది. సంగటి ముద్ద పైన ఆరినా లోపల వేడిగానే ఉంటుంది. ఉలవచారుకైతే ఆరడం ఒక లెక్కే కాదు, మళ్లీ కాస్తే ఇంకా బాగుంటుంది. కాబట్టి ఇంట్లో అందరూ ఒకేసారి కూర్చుంటారా, ఒక్కొక్కరు ఒక్కో వేళకు వస్తారా అన్నది చూసుకుని వంట ఎంచుకోవాలి. తర్వాతివన్నీ దాని వెనకే.

కింద చెప్పిన కొలతలు నలుగురు పెద్దవాళ్లకు. కప్పు అంటే 240 మిల్లీలీటర్లది.

జొన్న రొట్టె

పెనం మీంచి నేరుగా పళ్లెంలో పడితేనే జొన్న రొట్టెకు విలువ. ఇద్దరు తింటుంటే ఒకరు కాల్చి వేసే ఇంట్లో, ఒక్కొక్కరు ఆలస్యంగా వచ్చే ఇంట్లో కూడా ఇది కుదురుతుంది, ఎప్పటికప్పుడు కాల్చి పెట్టవచ్చు కనుక. కాకపోతే కాల్చే మనిషి చివర్న ఒక్కరే కూర్చుని తినాలి. ఆ మనిషి రోజూ ఒకరే అయితే వారానికి రెండు రాత్రులకు మించి పెట్టుకోవద్దు.

ఎనిమిది రొట్టెలకు 4 కప్పుల పిండి (సుమారు అరకిలో), మూడున్నర కప్పుల నీళ్లు, ఒక చెంచా ఉప్పు. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు. మరిగే నీళ్లు తగిలితే పిండిలోని గంజి కొంత ఉడికి, అదే పట్టునిస్తుంది. గోరువెచ్చటి నీళ్లతో కలిపిన పిండి తట్టేటప్పుడే చెదిరిపోయేది అందుకే. నీళ్లు తెర్లుతుండగా మూడొంతుల పిండి పోసి, మంట ఆపి, గరిటె కాడతో కలిపి మూత పెట్టి 5 నిమిషాలు వదలాలి. చేయి పట్టే వేడికి వచ్చాక మిగతా పిండి చల్లుకుంటూ అరచేయి అడుగుభాగంతో నొక్కి 5 నిమిషాలు పిసకాలి. ఇక్కడ బద్ధకిస్తే తర్వాత ఏం చేసినా రొట్టె దారికి రాదు. ఇంత పిసికినా సరే, తట్టబోయే ముందు ఒక్క రొట్టెకు సరిపడా ముద్ద తీసుకుని, తడిచేత్తో మళ్లీ అరనిమిషం మెదపాలి.

పీట మీద పొడిపిండి చల్లి, ముద్దను తిప్పుతూ తట్టాలి. అంచులు పగిలితే తడివేలితో అతకాలి. పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేలా బాగా కాగిన పెనం మీద వేసి, వెంటనే తడిగుడ్డతో పైనంతా నీళ్లు పూయాలి. ఆ తడి మెరుపు పోయి, ఇంకా చెమ్మ తెలుస్తుండగానే తిప్పేయాలి. పూర్తిగా ఆరేదాకా ఉంచితే పైపొర పగుళ్లిస్తుంది. పగిలిన పొరలోంచి ఆవిరి బయటికి పోతుంది, రొట్టె పొంగదు. తిప్పాక ఒక నిమిషం కాలనిచ్చి, మొదటి వైపు మంట మీదకు వచ్చేలా నేరుగా బర్నర్ మీద పెడితే పొంగుతుంది. ఒక్కో రొట్టెకు రెండున్నర, మూడు నిమిషాలు. అంటే ఎనిమిదింటికి పాతిక నిమిషాలు పొయ్యి దగ్గర నిలబడాలి.

అన్నీ సరిగ్గా చేసినా పగుళ్లొస్తున్నాయంటే తప్పు చేతిది కాదు, పిండి పాతది. మర పట్టించిన పదిహేను, ఇరవై రోజుల వరకు జొన్నపిండికి జిగి బాగుంటుంది, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. ప్యాకెట్ పిండి కొనేటప్పుడు ఎప్పటిదాకా వాడొచ్చన్న తేదీ కాదు, ప్యాక్ చేసిన తేదీ చూడాలి. పరీక్ష సులువే: రెండు చెంచాల పిండిలో మరిగే నీళ్లు కలిపి పిసికి, ముద్దను మెల్లగా లాగండి. కొంచెం సాగి తెగితే బాగున్నట్టు, లాగగానే పొడిపొడిగా విరిగితే పాతబడినట్టు. పాతపిండిని పారేయక్కర్లేదు. కప్పుకు పావు కప్పు గోధుమపిండి కలిపి చపాతీ కర్రతో ఒత్తుకోవచ్చు. గోధుమ పడనివాళ్లున్న ఇంట్లో మాత్రం ఇది కుదరదు. వాళ్లు ఆ పిండిని అంబలికి వాడుకుని, రొట్టెకు కొత్తది పట్టించుకోవడమే మేలు.

హైదరాబాద్, కర్నూలు లాంటి ఊళ్లలో సాయంత్రమయ్యేసరికి వీధి పక్కన పొయ్యి పెట్టి రొట్టెలు కాల్చి అమ్ముతారు. ఉద్యోగం నుంచి వచ్చే రాత్రి వాళ్ల దగ్గర రొట్టెలు కొని, ఇంట్లో కూర మాత్రం వండుకోవడంలో తప్పేమీ లేదు. వాళ్ల చేయి మనకన్నా తిరిగింది. తెచ్చేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో కాకుండా గుడ్డలో చుట్టించుకోండి. కవర్లో ఆవిరి నీరుగా మారి రొట్టె తడిసి జిగటగా అవుతుంది.

కూర విషయంలో ఒక్క మాట. వేపుడుతో జొన్న రొట్టె గొంతు దిగదు, కూరలో కాస్త తడి ఉండాలి. ఈ కాలంలో చిక్కుడుకాయను మించిన జోడీ లేదు. 400 గ్రాముల కాయలకు రెండు వైపులా ఈనె తీసి, పురుగు కోసం ఒక్కో కాయ విప్పి చూసి తుంచాలి. వెల్లుల్లి తాలింపులో వేసి, ఉప్పు, పసుపు చల్లి, అర కప్పు నీళ్లతో మూతపెట్టి 12 నుంచి 15 నిమిషాలు మగ్గించి, దించబోయే ముందు వేయించి దంచిన నువ్వుల పొడి 2 పెద్ద చెంచాలు, కారం కలపాలి. నువ్వుల పొడి ముందే వేస్తే అడుగంటుతుంది, చేదెక్కుతుంది. గింజ ముదిరిన కాయలు రొట్టెకు ఇంకా బాగుంటాయి. లేతవి వేపుడికి ఉంచుకోండి.

సంక్రాంతి రోజుల్లో నువ్వులద్ది కాల్చే సజ్జ రొట్టెకూ పద్ధతి ఇదే. సజ్జల్లో నూనె ఎక్కువ కాబట్టి పిండి త్వరగా చేదెక్కుతుంది. వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోవాలి. రుచి చూడకుండా కలపొద్దు, చేదెక్కిన సజ్జపిండిని ఏ కూరా కాపాడలేదు.

రాగి సంగటి

అందరూ ఒకేసారి కూర్చుని, వండిన మనిషితో సహా వేడిగా తినాలంటే రాయలసీమ సంగటిని మించింది లేదు. పొయ్యి దగ్గర అంతసేపు నిలబడక్కర్లేదు. చివరి 3 నిమిషాలకే బలం కావాలి. ముద్దలు చేసి మూత పెట్టిన గిన్నెలో పేరిస్తే చలిరాత్రిలోనైనా అరగంట వేడి నిలుస్తుంది.

బియ్యం 1 కప్పు, రాగిపిండి ఒకటిన్నర కప్పు, నీళ్లు 5 కప్పులు, తగినంత ఉప్పు. సన్నబియ్యం కన్నా లావు బియ్యమో, నూకలో మేలు. మెత్తగా మెదిగి పిండిని పట్టుకుంటాయి. బియ్యం అరగంట నాననిచ్చి, మందపాటి గిన్నెలో మెతుకు నలిగిపోయేదాకా ఉడికించాలి. అప్పటికి మెతుకుల పైన వేలెడు గంజి నిలిచి ఉండాలి. అందులోంచి ఒక కప్పు గంజి తీసి పక్కన పెట్టుకోవాలి, చివర్లో అదే అక్కరకొస్తుంది. ఇప్పుడు రాగిపిండిని మధ్యలో కుప్పగా పోసి, కలపకుండా, తెడ్డు కాడతో కుప్ప నడుమ అడుగుదాకా రంధ్రం చేయాలి. సన్నమంట మీద మూతపెట్టి 8 నుంచి 10 నిమిషాలు ఉంచితే ఆ రంధ్రంలోంచి గంజి పైకి ఉబికి పిండి ఆవిరికి ఉడుకుతుంది. తర్వాత దించి, గిన్నెను కదలకుండా పట్టుకుని తెడ్డుతో అంచులకు అదుముతూ గట్టిగా కెలకాలి. బిగుతుగా అనిపిస్తే పక్కన పెట్టిన గంజిని వేడి చేసి పోయాలి. చన్నీళ్లు పోశారా, పచ్చివాసన వస్తుంది, ముద్ద జిగట తేలుతుంది. తడివేలితో తాకితే అంటకపోతే సంగటి అయినట్టు.

కొత్తవాళ్లకు ఉండలు కట్టడమే పెద్ద భయం. పిండి పోసిన వెంటనే కలిపితే కట్టేవి అవే: పైన ఉడికిన పొర, లోపల పొడిపిండి. అందుకే ఆ 8 నిమిషాలూ తెడ్డు ముట్టొద్దు. అయినా ధైర్యం చాలకపోతే, పిండిలో మూడో వంతు తీసుకుని ముక్కాలు కప్పు చన్నీళ్లలో జారుగా కలిపి ముందు గంజిలో పోసి, అది చిక్కబడ్డాక మిగతా పిండిని కుప్ప పోయండి. మొదట పోసే నీళ్లలో ఆ ముక్కాలు కప్పు తగ్గించుకోవాలి. సంగటి వాసన కాస్త తగ్గుతుంది కానీ ఉండలు ఉండవు.

పక్కన ఏముండాలి? నాటుకోడి పులుసు పేరే ముందు వస్తుంది, కానీ దానికి గంటన్నర పట్టవచ్చు. ఆదివారానికి సరే. మామూలు రాత్రికి ఆకుకూర పప్పు, శెనక్కాయల ఊరిబిండి (దంచిన పచ్చడి) చాలు. ఈ కాలంలో చిత్తూరు వైపు అనపగింజలతో చేసే పితికిపప్పు దొరికితే సంగటి పక్కన ఇంకేదీ వద్దు. అయితే కాయలు వలిచి, గింజలు నానబెట్టి, ఒక్కో గింజా పొట్టు ఊడేలా పితకాలి. నలుగురు చేతులు వేస్తేనే అది రాత్రి భోజనానికి అందుతుంది. ఏ కూరైనా జారుగా ఉండాలి. సంగటి ముద్దను తుంచి, పులుసులో అద్ది మింగుతారు, రొట్టెలా నమలరు. చిక్కటి కూర పెడితే ముద్ద నోట్లో తిరుగుతూనే ఉంటుంది.

రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైనే. తృణధాన్యాల్లో అంత మరెందులోనూ లేదు. కానీ రాగి కదా అని షుగరున్నవాళ్లు లెక్క లేకుండా తినడం పొరపాటు. పైన చెప్పిన కొలతలో దాదాపు సగం బియ్యమే. ముద్ద సైజు తగ్గించుకుని, పప్పు ఎక్కువ వేసుకోవడం మంచిది.

మిగిలిన సంగటిని పొద్దున మజ్జిగలో పిసికి, ఉల్లిపాయ కొరుక్కుని తింటారు. రాత్రికే వేడి చేయాలంటే ఇడ్లీ పాత్రలో 7, 8 నిమిషాలు ఆవిరి పట్టించాలి. నేరుగా గిన్నెలో పెట్టి కాస్తే అడుగు మాడుతుంది, నడుమ చల్లగానే ఉంటుంది.

పొంగలి, పులగం

ఒక్కరే వండాలి, సమయం నలభై నిమిషాలే, ఇంట్లో చిన్నపిల్లలో ముసలివాళ్లో ఉన్నారు. అప్పుడు మిరియాల పొంగలి. ధనుర్మాసంలో గుళ్లల్లో ప్రసాదంగా పెట్టేది, ఈ చలికి సరిగ్గా సరిపోతుంది.

దీనికి ఇంకో కారణమూ ఉంది. ఖరీఫ్ వరి కోతలయ్యాక ఇంటికొచ్చే కొత్త బియ్యం అన్నానికి చాలా ఇబ్బంది. కొలత కాస్త తప్పినా ముద్దవుతుంది. ఆ గుణమే పొంగలికి వరం. కొత్త బియ్యం వచ్చిన ఇంట్లో జనవరి నెలంతా అన్నం పాత బియ్యంతో, పొంగలి కొత్త బియ్యంతో వండుకుంటే రెండు రకాలూ చక్కగా ఖర్చవుతాయి.

బియ్యం 1 కప్పు, దోరగా వేయించిన పెసరపప్పు ముప్పావు కప్పు, నీళ్లు 6 కప్పులు (కొత్త బియ్యమైతే ఐదుంబావు). కుక్కర్లో 5 కూతలు. వేరే మూకుడులో 3 పెద్ద చెంచాల నెయ్యి సన్నమంట మీద కాచి జీడిపప్పు, ఒకటిన్నర చెంచా మిరియాలు, చెంచా జీలకర్ర, అల్లం తరుగు, కరివేపాకు వరసగా వేయించి కలపాలి. మిరియాల్లో సగం కచ్చాపచ్చాగా దంచితే ఘాటు అంతటా పడుతుంది. అన్నీ గింజలుగా వేస్తే పిల్లలు ఏరి పళ్లెం అంచున పెడతారు.

పొంగలి చెడేది ఆరినప్పుడే. దించినప్పుడు సరిగ్గా ఉందనిపించిన పొంగలి పది నిమిషాల్లో గడ్డ. కాబట్టి గరిటె నుంచి జారేంత పల్చగా దించి, పక్కన ఒకటిన్నర కప్పు మరిగిన నీళ్లు ఉంచుకుని, వడ్డించే ముందు పోసి కలిపి ఉప్పు సరిచూడాలి. పళ్లేలను వేడినీళ్లతో కడిగి తుడిచి వడ్డిస్తే నెయ్యి పేరుకోదు. ఆలస్యంగా వచ్చే మనిషి కోసం పొంగలి దాచడం అనవసరం. వాళ్లకు పులగం నయం: బియ్యం 2 వంతులు, పొట్టు పెసరపప్పు 1 వంతు, నీళ్లు తక్కువ. పొడిపొడిగా ఉంటుంది కనుక గిన్నెలో పెట్టి మళ్లీ వేడి చేసినా చెడదు. శెనక్కాయల పచ్చడో, గుత్తివంకాయో తోడుంటే చాలు.

ఉలవచారు

పని రోజు రాత్రి మొదలుపెట్టే వంట కాదిది. శనివారం రాత్రి నానబెట్టి, ఆదివారం కాచి, వారం నడిమి దాకా తినేది. ఎవరు ఎప్పుడొచ్చినా అన్నం వేడిగా ఉంటే చాలు, నాలుగు గరిటెలు కాచుకోవచ్చు. వేళాపాళా కుదరని ఇంటికి కృష్ణా, గుంటూరు వైపు వాళ్ల ఈ చారే సరైన జవాబు.

పావుకిలో ఉలవలు. ముందు రాళ్లు గాలించాలి. ఉలవల్లో రాళ్లు కంటికి ఆనవు, నీళ్లలో తిప్పి పైవి ఒంపుకుంటూ పోతే అడుగున మిగులుతాయి. రాత్రంతా నాననిచ్చి, ఆ నీళ్లు వంపేసి, 2 లీటర్ల మంచినీళ్లతో 5 లీటర్ల కుక్కర్లో పెట్టాలి. సగానికి మించి నింపితే నురుగు ఎగదన్ని వెయిట్ రంధ్రం మూసుకుంటుంది. మూడు కూతల తర్వాత మంట తగ్గించి 35 నిమిషాలు. వడకడితే సుమారు లీటరున్నర ఉలవకట్టు వస్తుంది. గుగ్గిళ్లను పారేయొద్దు, ఉల్లిపాయ, ఎండుమిర్చి తాలింపు వేస్తే సాయంత్రానికి అవే ఫలహారం.

కట్టులో 25 గ్రాముల చింతపండు రసం, చీల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ ముక్కలు, పసుపు, ఉప్పు వేసి సన్నమంట మీద సగమయ్యేదాకా, అంటే ముప్పావు గంట నుంచి గంట కాగనివ్వాలి. ఉప్పు మొదట్లో సగమే వేయాలి, చారు ఇగిరేకొద్దీ ఉప్పు పైకి తేలుతుంది. చివరి పావుగంట గరిటె తిప్పుతూనే ఉండాలి, చిక్కబడ్డ చారు ఇట్టే అడుగంటుతుంది. ఆవాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు చివర్లో. సమయం చాలకపోతే ఉడికిన ఉలవలు 2 పెద్ద చెంచాలు మెత్తగా రుబ్బి కలిపితే పావుగంట కలిసొస్తుంది. బియ్యప్పిండితో చిక్కబరచొద్దు, రుచి పల్చబడిపోతుంది.

దీన్ని మామూలు చారులా గిన్నెడు పోసుకోకూడదు. వేడన్నంలో 3, 4 చెంచాలు, పైన వెన్నో, మీగడో. ఫ్రిజ్‌లో 4 రోజులు నిలుస్తుంది. గట్టిపడితే వేడినీళ్లు కలిపి కాయండి.

అరగంటే ఉంటే

అన్నం ఉడికేలోపు మిరియాల చారు అయిపోతుంది. చెంచాన్నర మిరియాలు, చెంచా జీలకర్ర, 5 వెల్లుల్లి రెబ్బలు దంచి, చిన్న నిమ్మకాయంత చింతపండు రసంతో 4 కప్పుల నీళ్లలో వేసి, పైన నురుగు కట్టి పొంగు వస్తుండగానే దించాలి. తెర్లనిస్తే మిరియాల సువాసన పోయి మంట మాత్రమే మిగులుతుంది. పక్కన కోడిగుడ్డు అట్టో, కాల్చిన అప్పడమో.

టిఫిను చేసే ఇళ్లలో ఈ రెండు నెలలూ దోశపిండి మీద ఆశ పెట్టుకోవద్దు. మిగతా కాలాల్లో ఎనిమిది గంటల్లో పొంగే పిండి ఇప్పుడు పన్నెండు, పద్నాలుగు గంటలైనా అడుగునే ఉంటుంది. పులియక్కర్లేని పెసరట్టు తేలిక. పొద్దున ఆఫీసుకు వెళ్తూ పెసలు నానబోస్తే రాత్రి రుబ్బి వెంటనే పోసుకోవచ్చు. ఇదీ రొట్టెలాంటిదే, ఒక్కొక్కటిగా వేడివేడిగా తినాలి.

మంట లేని వంటింట్లో

విదేశాల్లో ఉన్నవాళ్లకూ, ఇక్కడ ఇండక్షన్ పొయ్యి మీద వండేవాళ్లకూ లెక్క కాస్త మారుతుంది. నేరుగా మంట లేకపోతే జొన్న రొట్టెను పెనం మీదే పొంగించాలి. రెండో వైపు కాలాక మళ్లీ తిప్పి, మడిచిన గుడ్డతో అంచుల నుంచి లోపలికి మెల్లగా నొక్కుతూ పోతే ఆవిరి నడిమికి చేరి పొర లేస్తుంది. మందమైన ఇనుప పెనం కావాలి. పల్చటి నాన్‌స్టిక్ పెనం రొట్టె వేయగానే చల్లబడుతుంది, మళ్లీ వేడెక్కేలోపు నీళ్ల పూత ఆరిపోతుంది. దానికి తోడు అక్కడ దొరికే జొన్నపిండి ఓడెక్కి వచ్చేసరికే పాతబడి ఉండొచ్చు. చేతిలో మంచి మిక్సీ ఉంటే జొన్నలే కొని, కొద్దికొద్దిగా పొడి చేసి, సన్నజల్లెడ పట్టుకోవాలి. పైన మిగిలే రవ్వ ఉప్మాకు పనికొస్తుంది.

ఆ తలనొప్పి వద్దనుకుంటే సంగటి వైపు రండి. రాగిపిండి పాతబడినా చేదెక్కనంత కాలం సంగటికి ఢోకా లేదు, పట్టునిచ్చేది బియ్యం కనుక. అయితే గాజు పలక పొయ్యి మీద గిన్నె పెట్టి కెలకొద్దు. గిన్నెను దించి, నేల మీద తడిగుడ్డ పరిచి దాని మీద పెట్టుకుంటే జారదు. ఇక ఉలవచారు పలకా, మంటా అని చూడదు. ఎక్కువ కాచుకుని, పావులీటరు డబ్బాల్లో ముప్పావు వంతు మాత్రమే నింపి డీప్ ఫ్రీజర్లో పెడితే నెల దాకా వాడుకోవచ్చు. తాలింపు మాత్రం తినే రోజే వేయాలి. ముందే వేసి గడ్డకట్టించిన కరివేపాకు, వెల్లుల్లి వాసన కోల్పోతాయి.